ఆయప్ప అనేది పేరు కాదు

“అమ్మా, ఆయప్ప పోయినాడంట గదా.”

షాపు షట్టరు సగం ఎత్తి, చీపురు చేతిలో పట్టుకుని ఉన్నప్పుడు వచ్చింది ఆ ఫోను. చేసింది రామకుప్పం పక్క పల్లె నుంచి అయ్యప్ప. మా చిత్తూరు వైపు మాట తెలియని వాళ్లకు ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. మా దగ్గర ‘ఆయప్ప’ అంటే ‘ఆయన’ అని అర్థం. పాలు పోసే మనిషి ఆయప్ప, బస్సు కండక్టరు ఆయప్ప, పక్కింటి పెద్దాయన ఆయప్ప. ఆడవాళ్లయితే ఆయమ్మ. పేరు తెలిసినా తెలియకపోయినా మర్యాదగా అనే మాట. కాబట్టి పోయింది ఎవరైనా అయి ఉండొచ్చు. కానీ అయ్యప్ప నోట ఆ మాట అంత మెత్తగా వచ్చేది ఒక్కరి గురించే. చీపురు గోడకు ఆనించి మెట్టు మీద కూర్చుండిపోయాను.

పోయింది మా తర్జుమా సార్. పుంగనూరులో తన ఇంట్లో, పొద్దున కాఫీ తాగి, పేపరు తెమ్మని అడిగి, అది చేతికొచ్చే లోపలే పోయారట. కొడుకు ఆయన ఫోను తీసి చూస్తే ఎక్కువసార్లు మాట్లాడిన నంబర్లు రెండే కనిపించాయట. మొదటిది అయ్యప్పది, రెండోది నాది. ఆ కొడుకు రెండో నంబరు నొక్కే లోపలే అయ్యప్ప నాకు చేసేశాడు.

మదనపల్లె కోర్టు ఎదురు సందులో నాకొక డీటీపీ షాపు ఉంది. అఫిడవిట్లు, అద్దె అగ్రిమెంట్లు, పెళ్లి కార్డులు, కార్తీకం వచ్చిందంటే అయ్యప్ప స్వామి పడిపూజ కరపత్రాలు. ఒక కంప్యూటరు, ఒక జిరాక్స్ మిషను, ఒక స్టూలు. ఆ స్టూలు సార్‌ది. రిటైరైన మరుసటి వారం వచ్చి దాని మీద కూర్చున్నారు, పోయే ముందు వారం దాకా కూర్చుంటూనే ఉన్నారు. నాది కొంచెం దురుసు నోరు. “సార్, మీరు నా షాపుకు దిష్టిబొమ్మా?” అని కూడా అన్నాను ఒకసారి. ఆయన గట్టిగా నవ్వి, “దిష్టిబొమ్మకు జీతం లేదు గదమ్మా, నాకూ లేదు, సరిపోయె” అన్నారు.

ఆయన జిల్లాలో నాలుగైదు కోర్టుల్లో తర్జుమా గుమాస్తాగా పనిచేశారు. సాక్షులు తెలుగులో చెప్పినవి, తెలుగులో రాసుకున్న వాంగ్మూలాలు పై కోర్టుకు వెళ్లాలంటే ఇంగ్లీషులోకి మారాలి. ఆ మార్చే పని ఆయనది. ఉద్యోగం అంతా అదే పని. అందుకే అందరికీ తర్జుమా సార్. అసలు పేరు కోర్టు బంట్రోతుకు కూడా గుర్తులేదు.

రిటైరైన వాళ్లు గుళ్లూ గోపురాలూ తిరుగుతారు. ఈయన జైళ్లు తిరిగారు. సబ్‌జైల్లో ఉన్నవాళ్ల కాగితాలు చదివి, వాళ్లకు తెలిసే మాటల్లో చెప్పి, వాళ్ల తరఫున అర్జీలు రాసి పెట్టేవారు. లాయరు కాదు కాబట్టి వాదించేది లేదు. “నేను సేసేదేముందమ్మా, సదువుతాను. అదే గదా ఎవురూ సేయంది” అనేవారు. తంబళ్లపల్లె వైపు రెడ్డప్ప అనే ఒకతనికి బెయిలు వచ్చింది. కాగితంలో ‘రెడ్డెప్ప’ అని పడింది. ఆ ఎత్వం ఒక్కటీ దిద్దించేదాకా ఆ మనిషి లోపలే ఉన్నాడు, నాలుగు రోజులు. సార్ ఆ నాలుగు రోజులూ అన్నం సరిగ్గా తినలేదని వాళ్లింటావిడ నాతో చెప్పి విసుక్కుంది.

పుంగనూరు నుంచి ఎనిమిది గంటల బస్సులో దిగేవారు. గుడ్డ సంచిలో మూడే వస్తువులు. ఉడకబెట్టిన చెనక్కాయల పొట్లం, ఎర్ర సిరా పెన్ను, ఒక చెక్క స్కేలు. ఆ స్కేలు మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. కొలవడానికి కాదు అది. ఏ కాగితం చదివినా ఒక్కో వరుస కింద దాన్ని ఆనించి, ఆ వరుస అయ్యాకే కిందికి జరిపేవారు. నాకు ప్రాణం విసిగేది. ఇలా చదివితే రెండు పేజీలకు పూట పడుతుంది కదా అన్నాను. దానికి ఆయన, “కన్ను గొర్రె మాదిరమ్మా. ముందుది యాడ దూకితే ఇదీ ఆడే దూకుతాది. దానికి కంచె ఉండల్ల” అన్నారు.

ఇంకో మాట కూడా చెప్పేవారు. జైల్లో వాళ్లకు, నాకు, కొత్తగా వచ్చిన జూనియర్ లాయర్లకు, అందరికీ ఒకటే పాఠం. “ఏ కాగితమైనా మూడుసార్లు సదవల్ల. మొదటిసారి కండ్లతో. రెండోసారి నోటితో. మూడోసారి ఆ కాగితం ఎవురిదో ఆ మనిషి సెవుల్తో.” మూడోదేమిటో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. అర్థం కావడానికి అయ్యప్ప తల్లి రావాల్సి వచ్చింది.

అది టమోటా సీజను. మార్కెట్ యార్డు దగ్గర లారీలు అడ్డం పడి బస్సులన్నీ ఆలస్యమైన రోజు. మధ్యాహ్నం దాటాక యూరియా సంచి ఒకటి చంకన పెట్టుకుని ఒక ముసలామె షాపులోకి వచ్చింది. కుప్పంలో ఎవరో చెప్పారట, మదనపల్లెలో కాగితాలు చదివే సామి ఒకడున్నాడని.

“సామీ, నా కొడుకు అయ్యప్ప కడప జైల్లో ఉండాడు. ఏడేండ్లాయ. హైకోర్టులో గూడా పాయ. ఇంక యాడికి పోవల్లో తెలీలేదు.”

సంచి నిండా కేసు కాగితాలు. సార్ చెనక్కాయలు ఒలుస్తూ ఆమెనే చెప్పమన్నారు. ఆమె చెప్పింది ఇది. వాళ్ల పక్కింట్లో ఒక ఒంటరి ముసలమ్మ గొర్రెలు పెట్టుకుని బతికేది. ఒక సాయంత్రం ఎవరో కట్టెతో ఆమె తల పగలగొట్టారు. ఆస్పత్రిలో మరునాడు ఒక ఆఫీసరు వచ్చి ఆమె చెప్పింది రాసుకున్నాడు. మూడో రోజు ఆమె చనిపోయింది. ఆ కాగితంలో ‘అయ్యప్ప కొట్టినాడు’ అని ఉంది. అంతకు ముందు వారమే అయ్యప్ప గొర్రెలు ఆమె రాగిచేలో పడి, ఇద్దరికీ మాటామాటా అయింది. చనిపోయే మనిషి అబద్ధం చెప్పదని కోర్టు నమ్మింది. యావజ్జీవం వేసింది.

“ఆయమ్మ యాల అట్ల సెప్పిందో సామీ. నా బిడ్డను పుట్టినప్పట్నించీ ఎత్తుకున్న మనిషి. ఒక్క దినం గూడా పేరు పెట్టి పిలిసింది లేదు. ‘ఒరే నల్లోడా’ అనే పిలస్తాండె. సచ్చేటప్పుడు మాత్రం వాని పేరు యాడ గుర్తొచ్చె?”

సార్ చేతిలో కాయ అలాగే ఆగిపోయింది.

“ఏమని పిలస్తాండె?”

“నల్లోడా అని సామీ.”

చేతులు తుడుచుకుని సంచిలోంచి ఆ వాంగ్మూలం నకలు వెతికి తీశారు. వరుస కింద స్కేలు పెట్టారు. ఒకసారి కళ్లతో చదివారు. రెండోసారి పైకి చదివారు. నేను పక్కన పెళ్లి కార్డు టైపు చేస్తూ విన్నాను. సాయంత్రం గొర్రెలు కొనడానికి ఒక మనిషి వచ్చినాడు, బేరం తెగలేదు. అయ్యప్ప కోపం చేసుకున్నాడు. అయ్యప్ప కట్టెతో తల మీద కొట్టినాడు. ఆటో అయ్యప్ప ఆస్పత్రికి తెచ్చినాడు. డాక్టరు అయ్యప్ప సూది వేసినాడు, నొప్పి తగ్గలేదు.

సార్ తలెత్తి ఆమెను అడిగారు. “అమ్మా, బస్టాండు నుంచి నిన్ను ఈడికి పిల్సుకొచ్చిందెవురు?”

“ఆటో ఆయప్ప సామీ. ఎవురో, పేరు తెలీదు.”

ఆమెకు ఏం జరిగిందో తెలియలేదు. నేను మాత్రం పెళ్లి కార్డు వదిలేసి ఆ కాగితం దగ్గరికి వచ్చాను. ఆ ముసలమ్మ ఎవరి పేరూ చెప్పలేదు. గొర్రెల బేరానికి వచ్చిన పరాయి మనిషిని పట్టుకుని ఆయప్ప అంది. ఆటో నడిపినతన్నీ ఆయప్ప అంది, సూది వేసిన డాక్టర్నీ ఆయప్ప అంది. రాసుకున్న ఆఫీసరు సముద్రం వైపు నుంచి బదిలీ మీద వచ్చినతను. వాళ్లకు ఆ మాట లేదు. తనకు తెలిసిన పేరు రాసుకున్నాడు. ఆ ఊళ్లో వెతికితే ఆ పేరు గల మనిషి ఒకడు దొరికాడు, పైగా వారం కిందటే గొడవ పడ్డవాడు.

ఆమెకు ధైర్యం చెప్పి, టీ తాగించి బస్సెక్కించి వచ్చాను. తిరిగొచ్చేసరికి సార్ అదే స్టూలు మీద, సంచిలోని ఇంగ్లీషు కాగితాలు ముందు పెట్టుకుని ఉన్నారు. కింద ఉన్న సంతకం మీద అరచెయ్యి పెట్టి కప్పుకున్నారు. నేను వంగి చూడబోతే చెయ్యి తీశారు. ఆ సంతకం ఆయనదే.

హైకోర్టుకు వెళ్లిన ఇంగ్లీషు తర్జుమా ఆయన చేసిందే. అప్పట్లో ఆయన ఆ కోర్టులో ఉన్నారు. ‘ఆటో అయ్యప్ప’ దగ్గరకు వచ్చేసరికి, ఇది ఆయప్ప అయ్యుంటుంది, రాసినవాడు పొరబడ్డాడు అని తెలిసి, ‘ఆటో డ్రైవరు’ అని ఇంగ్లీషులో పెట్టారు. ‘డాక్టరు అయ్యప్ప’ను ‘డాక్టరు’ చేశారు. ముద్దాయి పేరు అయ్యప్ప కాబట్టి ముందున్న రెండింటినీ పేరుగానే ఉంచేశారు. కింది కోర్టులో ఎలాగూ ఎవరూ పట్టించుకోలేదు, ఆ రెండు తప్పులూ అలాగే ఉండుంటే హైకోర్టులో ఎవరికో ఒకరికి అనుమానం వచ్చేది. ఆటో నడిపేదీ అయ్యప్పే, సూది వేసేదీ అయ్యప్పేనా అని అడిగేవారు. ఆ అడిగే దారిని సార్ శుభ్రంగా తుడిచేశారు, మంచి ఇంగ్లీషులో.

“పొద్దుకీ నా నోట్లో ఉండే మాట గదమ్మా. పుంగనూరోణ్ణి. ఇంట్లో మా నాయన్ను గూడా ఆయప్ప అనేవోణ్ణి. రెండు సోట్ల దిద్దిన సెయ్యి ఇంకో రెండు సోట్ల యాల దిద్దలే?”

ఆ రోజు ఆయన స్కేలు, పెన్ను నా డ్రాయరులో పెట్టేసి ఉత్త సంచితో బస్సెక్కారు. అప్పటి నుంచి అవి రెండూ నా డ్రాయరులోనే ఉండిపోయాయి. రోజూ రాగానే తీసుకునేవారు, పోతూ పెట్టేసేవారు.

తర్వాత నాలుగేళ్లు పట్టింది. ఉచిత న్యాయ సహాయం ద్వారా ఢిల్లీకి అర్జీ పెట్టాలి, ఇన్నేళ్లు ఆలస్యం ఎందుకైందో చెప్పాలి, తెలుగు అసలు కాగితం మళ్లీ తెప్పించాలి. సార్ తన పేరుతో, తన సంతకంతో ఇంగ్లీషులో ఒక అఫిడవిట్ ఇచ్చారు, తర్జుమా చేసింది నేనే, తప్పు చేసింది నేనే అని. ఉద్యోగంలో ఉండగా ఒక్క మెమో ఎరగని మనిషి. నేను ఆ అఫిడవిట్ టైపు చేస్తుంటే వెనక నిలబడి ఒక్కో వాక్యం చెప్పారు.

నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్పాలి. ఆ అర్జీకి జతచేసే తెలుగు వివరణ నేనే టైపు చేశాను. ‘మా ప్రాంతంలో ఆయప్ప అనగా ఆయన’ అని ఉండాల్సిన చోట ‘మా ప్రాంతంలో అయ్యప్ప అనగా ఆయన’ అని కొట్టాను. ఒక్క చోట కాదు, ఆరు చోట్ల. ఏటా కార్తీకంలో వందల పడిపూజ కరపత్రాలు కొట్టిన వేళ్లు ఇవి. అవి నా మాట వినవు. సార్ స్కేలు జరుపుకుంటూ వచ్చి మొదటి తప్పు దగ్గర ఆగి నా మొహం చూశారు. కోప్పడతారనుకున్నాను. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు. “సూస్తివా, నీదీ ఈ ఊరి నోరే. యేళ్లు మాత్రం శబరిమల పోయినాయి” అన్నారు. నవ్వుతూ నవ్వుతూనే ఆ నీళ్లు ఏడుపైపోయాయి.

నెలకొకసారి కడప వెళ్లి అయ్యప్పను చూసి వచ్చేవారు. జైల్లో అయ్యప్ప అక్షరాలు నేర్చుకున్నాడు. సార్ వెళ్లినప్పుడల్లా ఏదో ఒక కాగితం ఇచ్చి చదివించేవారట, మూడుసార్లు. తిరిగొచ్చి, “వొత్తులు ఇంకా తడబడతాండాడు, దీర్ఘాలు బాగ పలుకుతాడు” అని నాకు చెప్పేవారు, సొంత కొడుకు మార్కుల గురించి చెప్పినట్టు. అందరికీ తెలిసిన విషయం అయ్యప్పకు, అతని తల్లికి మాత్రమే తెలియదు. ఢిల్లీ జడ్జీలకు తెలుసు, లాయర్లకు తెలుసు, నాకు తెలుసు. తన ముందు కూర్చుని దీర్ఘాలు దిద్దుతున్న ఈ మనిషే తన కాగితం పాడుచేశాడని అతనికి తెలియదు.

“సెప్పల్లనా వద్దామ్మా?” అని సార్ నన్నే అడిగారు. వద్దని చెప్పింది నేను. ఇప్పుడు చెబితే మీ మీద నమ్మకం పోతుంది, సంతకాలు పెట్టనంటాడు, కేసు ఆగిపోతుంది అన్నాను. ఆ మాటలో న్యాయం ఉంది. కాబట్టి ఆయన విన్నారు. గెలిచాక మళ్లీ అడిగారు. ఇప్పుడెందుకు సార్, మానిన పుండు గీకడం అన్నాను. అది కూడా విన్నారు. మొదటిది తెలివి. రెండోది ఉత్త పిరికితనం, నాది. ఎవరికైనా బాధ కలిగే మాట నా షాపులోంచి వెళ్లడం నాకిష్టం లేదు, అంతే.

అయ్యప్ప విడుదలైన రోజు కడప గేటు దగ్గర నేనూ ఉన్నాను. అతని తల్లి లేదు. తీర్పు రావడానికి ఏడాది ముందే పోయింది. కొడుకు నిర్దోషి అన్న మాట ఆమె చెవిన పడలేదు. తలంతా నెరిసిన మనిషి ఒకడు చేతిలో ప్లాస్టిక్ కవరుతో బయటకొచ్చి, సార్‌ను చూసి, వంగి కాళ్లు పట్టుకోబోయాడు. సార్ పాము మీద కాలు పడ్డట్టు వెనక్కి ఎగిరి పడబోయారు. నేనే పట్టుకున్నాను. అయ్యప్ప అలా వంగినవాడు వంగినట్టే కాసేపు ఉండిపోయాడు.

ఆ తర్వాత అయ్యప్ప రామకుప్పం దగ్గర మళ్లీ నాలుగు గొర్రెలు పెట్టుకున్నాడు. అడవి పక్క చేను, ఏనుగులు తొక్కినంత తొక్కగా మిగిలిన రాగి. పంట వచ్చినప్పుడల్లా రాగిపిండో, అనపకాయలో పట్టుకుని షాపుకు వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఒకటే మాట. “సారూ, ఒక దినం మా ఇంటికి రాండి. సంగటి సేస్తాను. నా సేత్తో ఒక్క ముద్ద తినాల మీరు.” సార్ దగ్గర సాకులకు కరువు లేదు. షుగరు, బస్సు, ఒక్కపొద్దు. మంగళవారం కూడా ఆయనకు ఒక్కపొద్దు శనివారమే అయ్యేది. అయ్యప్ప వెళ్లాక ఆ అనపకాయలు నా ముందుకు జరిపి, “నువ్వు తీసకపోమ్మా” అనేవారు. ఆయన ఒక్క గింజ కూడా ఇంటికి తీసుకుపోలేదు.

ఒక వాన మధ్యాహ్నం, కరెంటు పోయి వచ్చాక, ఒక ఉత్తరం టైపు చేయమన్నారు. ‘అయ్యప్పకు’ అని మొదలుపెట్టించారు. ఒకటిన్నర పేజీ. ఆపకుండా చెప్పారు. ప్రింటు తీసి, పెన్ను, స్కేలు పక్కన పెట్టి ఆయన ముందుంచాను. ఎంత చిన్న కాగితమైనా మూడుసార్లు చదివే మనిషి ఆ కాగితం వైపు చూడలేదు. మడిచి కవర్లో పెట్టి నా డ్రాయరులో వేశారు. పోస్టు చేయమంటారా అంటే, “రేపు సూద్దాంలేమ్మా” అన్నారు. ఆ రేపు రెండేళ్లు నడిచింది. డ్రాయరు తీసినప్పుడల్లా ఆ కవరు ఇద్దరికీ కనిపించేది. ఇద్దరం చూడనట్టే ఉండేవాళ్లం.

పుంగనూరులో అంత్యక్రియలకు అయ్యప్ప వచ్చాడు. లోపలికి రాలేదు. కాంపౌండు గోడ దగ్గర చెప్పులు విడిచి, పాడె లేచేదాకా నిలబడి, శ్మశానం దాకా వెనక నడిచి, అటునుంచటే బస్సెక్కి వెళ్లిపోయాడు. పదకొండో రోజు భోజనాలకు సార్ కొడుకు ప్రత్యేకంగా ఫోను చేసి పిలిచినా రాలేదు. మరునాడు నేను ఫోను చేసి ఎందుకు రాలేదప్పా అని అడిగాను.

“ఏమని వచ్చేదమ్మా. ఆయప్ప నన్ను బయటికి తెచ్చినాడు, కాదనలే. కానీ ఒక్క దినం గూడా మా ఇంట్లో మెతుకు ముట్టలే. జైలు కూడు తిన్నోడి ఇంట్లో యాల తింటాడులే అనుకుంటి. అట్లాంటప్పుడు నేను పోయి ఆయప్ప పేరు సెప్పి యాల తినల్ల?”

ఫోను పెట్టేశాను. సార్ అన్నం తినకపోవడానికి కారణం నాకు తెలుసు. తను చెరిపిన బతుకు పెట్టే ముద్ద ఆయన గొంతు దిగేది కాదు. కానీ అవతల ఆ మనిషి దాన్ని జైలు అంటుగా లెక్కపెట్టుకున్నాడు. ఒకరు సిగ్గుతో తినలేదు, ఇంకొకరు సిగ్గుపడుతూనే పిలుస్తూ ఉన్నారు. మధ్యలో కవరు నా డ్రాయరులో ఉంది.

ఆ ఆదివారం కవరు, స్కేలు, ఎర్ర పెన్ను సంచిలో వేసుకుని పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్లి, అక్కడి నుంచి రామకుప్పం బస్సెక్కాను. అయ్యప్ప ఇంటి ముందు పట్టె మంచం వాల్చి నన్ను కూర్చోబెట్టాడు. సార్ రాసిన ఉత్తరం ఇది, రెండేళ్ల కింద రాశారు, ఇవ్వకపోవడంలో నా తప్పూ ఉంది అని చెప్పి కవరు ఇచ్చాను. చదివి వినిపించనా అంటే వద్దన్నాడు. స్కేలు అడిగి తీసుకున్నాడు.

మొదట కళ్లతో చదివాడు. పెదవులు కదులుతూనే ఉన్నాయి. తర్వాత పైకి చదివాడు. నెమ్మదిగా, వొత్తుల దగ్గర ఆగి ఆగి. ‘నీ కాగితం ఇంగ్లీషులోకి మార్చినవాణ్ణి నేనే. చనిపోయిన ఆ ముసలి తల్లి చెప్పిన మాట నాకు తెలుసు, తెలిసీ వదిలేశాను. నిద్రలో ఉన్నవాడి చేతిలోంచి బిడ్డ జారినట్టు జారవిడిచాను. దానికి నీ పదకొండేళ్లు పోయినాయి, మీయమ్మ పోయింది. నీ ఇంట్లో అన్నం తినే యోగ్యత నాకు లేదు కాబట్టి రాలేదు. దానికి ఇంకే కారణమూ లేదు.’ ఆ చివరి వాక్యం దగ్గర ఆగాడు. మళ్లీ అదే వాక్యం చదివాడు. ఇంకే కారణమూ లేదు.

తలుపు పక్కన కట్టేసిన గొర్రెపిల్ల అరుస్తూ ఉంది. అతను దాన్ని అదిలించలేదు. కోపం వస్తుందేమోనని నేను చూస్తున్నాను. వచ్చింది. “మాయమ్మ ఉండగానే సెప్పుంటే ఆయమ్మ కాళ్లు పట్టుకున్నింటాడు గదమ్మా” అన్నాడు. కాసేపటికి అతనే మళ్లీ అన్నాడు.

“నాకు సెప్పుంటే కోపం వచ్చుండు. ఒక నెల మాట్లాడకుండా ఉందును. తర్వాత ఆ కోపం పోయుండు. పోయినాక ఆయప్ప నాతో కూకోని ఒక ముద్ద తిన్నింటాడు.”

ఆ మాటకు నేను ఏడ్చాను. వద్దు వద్దని రెండుసార్లు ఆయన నోరు మూసింది నేను. ఆ సంగతీ చెప్పాను. అతను నా వైపు చూసి, మళ్లీ కాగితం మీదికి వంగాడు. ఒక వరుస కింద స్కేలు ఆపి నన్ను పిలిచాడు.

“అమ్మా, ఈడ తప్పు పడింది సూడు.”

చూశాను. ‘ఆ తల్లి ఆయప్ప అంది’ అని సార్ చెప్పిన చోట, నా వేళ్లు ‘ఆ తల్లి అయ్యప్ప అంది’ అని కొట్టాయి. సార్ చదివి ఉంటే పట్టుకునేవారు. ఈ ఒక్క కాగితం ఆయన చదవలేదు.

అయ్యప్ప ఎర్ర పెన్ను తీసుకున్నాడు. మూత నోటితో పట్టి తీసి, అకారానికి దీర్ఘం ఇచ్చాడు. కింద ఉన్న యవొత్తు మీద అడ్డంగా ఒక గీత గీశాడు. పక్కన చిన్నగా సంతకం కూడా పెట్టాడు, దిద్దిన చోట సంతకం పెట్టాలని సారే నేర్పారట. సిరా ఆరేదాకా ఊదాడు.

“అన్నం తిని పోమ్మా” అని లేచాడు. కాదనే ధైర్యం నాకు లేదు. వేడి సంగటి, అనపకాయల పితికిపప్పు, ఊరిబిండి పచ్చడి. సార్ తినాల్సిన ముద్ద అది. నేను తిన్నాను. కారానికో దేనికో కళ్ల నీళ్లు ఆగలేదు.

నేను తింటున్నంతసేపూ అయ్యప్ప నాకెదురుగా గడప మీద కూర్చుని, ఒళ్లో ఉత్తరం పెట్టుకుని, మొదటి వరుస కింద మళ్లీ స్కేలు ఆనించాడు. మూడోసారి. ఈసారి పెదవులు కదల్లేదు. తల కొంచెం పక్కకు వంచి ఉంచాడు, ఎవరో చెబుతుంటే వింటున్నట్టు. అంకెలు అరిగిన ఆ చెక్క స్కేలు ఒక్కో వరుసే కిందికి జరుగుతూ ఉంది.